వెనుక చక్రాల చోదక కార్లకు టైర్ల ఎంపిక

ఇంజను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందే వాహనాలను వెనుక చక్రాల చోదక వాహనాలు అంటారు. ఈ వాహనాలలో ముందు చక్రాలు దారి చూపుతాయి, వెనుక చక్రాలు బండిని నెడతాయి. పొడి రోడ్డుపై ఈ ఏర్పాటులో ఇబ్బంది ఏమీ లేదు. మంచు, బురద, వాననీరు వంటివి ఉన్న జారుడు నేలపై మాత్రం బండి కదలడం, నిలవడం, తిన్నగా పోవడం చాలావరకు వెనుక టైర్ల పట్టుపైనే ఆధారపడతాయి. శీతల దేశాలలో ఈ విషయాన్ని మంచుకు సంబంధించినదిగా చర్చిస్తారు. హైదరాబాదులో మంచు కురవదు. అయితే హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలతో కూడిన ఐటీ కారిడార్‌లో జూన్ నుండి అక్టోబరు వరకు అదే సమస్య వాననీటి రూపంలో ఎదురవుతుంది. ఈ వ్యాసంలో ప్రధానంగా వానలో టైర్ల ఎంపిక గురించి, చివర మంచు దేశాలకు వెళ్ళేవారికి అవసరమైన విషయాల గురించి వివరించబడినది.

ఐటీ కారిడార్‌లో ఈ వాహనాలు

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దంలో ఇక్కడి సంస్థలు తమ ఉద్యోగులను ఇంటి నుండి కార్యాలయానికి, తిరిగి ఇంటికి చేర్చడానికి క్యాబులను ఏర్పాటు చేశాయి. రాత్రి షిఫ్టులలో పనిచేసేవారికి, ముఖ్యంగా మహిళలకు, ఇవే ప్రధాన రవాణా సాధనాలు అయ్యాయి. ఆనాటి క్యాబులలో ఎక్కువగా కనిపించినవి టాటా సుమో, టొయోటా క్వాలిస్, షెవ్రోలే టవేరా, 2005 నుండి టొయోటా ఇన్నోవా. ఇవన్నీ వెనుక చక్రాల చోదకం గలవే. మారుతి ఓమ్ని, మహీంద్రా బొలెరో, అంతకు ముందరి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా ఈ కోవకే చెందుతాయి. మన ఆటోరిక్షా కూడా వెనుక చక్రాలతోనే నడుస్తుంది.

మారుతి 800తో మొదలై చిన్నకార్లలో ముందు చక్రాల చోదనం స్థిరపడిపోయింది. క్వాలిస్ 2005లో, సుమో 2019లో తయారీ నుండి తప్పుకున్నాయి. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాల చోదకానికి మారింది. ఇంతటితో ఈ అంశం పాతబడిందని అనుకోరాదు. ఇన్నోవా క్రిస్టా, బొలెరో, మారుతి ఈకో వంటివి ఇంకా వెనుక చక్రాలతోనే రోడ్లపై తిరుగుతున్నాయి. ఐటీ ఉద్యోగులు కొనుక్కునే బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లలో చాలా వాటికి ఇదే ఏర్పాటు. విద్యుత్ కార్లలో మోటారును వెనుక ఇరుసు వద్ద అమర్చడం సులభం కావడం వలన, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ వంటి కొత్త కార్లు కూడా వెనుక చక్రాలతోనే వచ్చాయి. విద్యుత్ మోటారు కదలిక మొదలైన క్షణం నుండే పూర్తి బలాన్ని ఇస్తుంది కనుక తడి రోడ్డుపై వీటి వెనుక టైర్లపై భారం ఇంకా ఎక్కువ.

జారుడు నేల, ఘర్షణ

టైరుకు, రోడ్డుకు మధ్య ఉండే పట్టును భౌతికశాస్త్రంలో ఘర్షణ గుణకంతో కొలుస్తారు. మంచి పొడి తారు రోడ్డుపై ఇది సుమారు 0.7 ఉంటుంది. తడి రోడ్డుపై 0.4కు, గట్టిపడిన మంచుపై 0.2కు, నున్నని మంచుగడ్డపై 0.1కు పడిపోతుంది. పదో తరగతి విద్యార్థి కూడా దీని ఫలితాన్ని లెక్కగట్టవచ్చును. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గానికి అనులోమానుపాతంలోను, ఘర్షణ గుణకానికి విలోమానుపాతంలోను ఉంటుంది. గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్న కారు బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డుపై 20 మీటర్లలో ఆగితే, తడి రోడ్డుపై 35 మీటర్లు, మంచుపై 71 మీటర్లు, మంచుగడ్డపై 142 మీటర్లు పోతుంది. డ్రైవరు తేరుకొని బ్రేకు తొక్కేలోగా పోయే దూరం దీనికి అదనం.

పై అంకెలు మంచి టైర్లకు వర్తిస్తాయి. అరిగిన టైరుతో తడి రోడ్డుపై గుణకం 0.4 కన్న చాలా కిందికి దిగుతుంది, అనగా నీళ్ళు నిలిచిన హైదరాబాదు రోడ్డు మంచుతో సమానమయ్యే పరిస్థితి వస్తుంది. మరొక విషయం, ఎండాకాలమంతా రోడ్డుపై పేరుకున్న దుమ్ము, నూనె, టైర్ల పొడి తొలకరి చినుకులకు జిగురు ముద్దగా మారతాయి. కుండపోత వాన ఈ పొరను కడిగివేస్తుంది, చిరుజల్లు కడగలేదు. అందుచేత మే నెలలో పడే మొదటి పావుగంట జల్లులో, పెద్ద వానకన్న ఎక్కువ జాగ్రత్త అవసరం.

వెనుక చక్రాలు పట్టు కోల్పోయినపుడు

ఒక టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దానినే బండిని నెట్టడానికి, ఆపడానికి, మలుపులో పక్కకు జారకుండా ఉంచడానికి పంచుకోవాలి. వెనుక చక్రాల చోదక కారులో వెనుక టైర్లు నెట్టే పనిని, పక్కకు జారకుండా నిలిపే పనిని ఒకేసారి చేయవలసి వస్తుంది. తడిసిన మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పట్టంతా నెట్టడానికే ఖర్చవుతుంది. అప్పుడు వెనుకభాగం బయటికి కొట్టుకొనిపోయి బండి గిరగిర తిరుగుతుంది. ఒక్కసారిగా కింది గేరుకు మార్చినా ఇదే జరుగుతుంది, ఎందుకనగా ఇంజను నిరోధం కూడా వెనుక చక్రాలకే చేరుతుంది.

ముందు చక్రాల చోదక కారులో ముందు టైర్లు జారితే కారు మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది. యాక్సిలరేటర్ నుండి కాలు తీస్తే సాధారణంగా అదుపులోనికి వస్తుంది. ఇది డ్రైవరుకు సహజంగా తోచే చర్య. వెనుకభాగం జారినపుడు మాత్రం స్టీరింగును జారుతున్న వైపుకు తిప్పాలి, కంగారుగా బ్రేకు వేయరాదు. సాధన లేనివారికి ఇది అర సెకనులో తోచదు. ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ వంటి ఏర్పాట్లు కొంత కాపాడతాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్త ప్రయాణికుల కార్లలో ఏబీఎస్ తప్పనిసరి అయినది. ఈ ఏర్పాట్లు ఉన్న పట్టును సక్రమంగా పంచగలవేగాని, లేని పట్టును పుట్టించలేవు.

క్యాబుల విషయంలో ఒక విశేషం గమనించదగినది. ఇంజను ముందు ఉండడం వలన ఖాళీ సుమో, ఇన్నోవాలలో వెనుక ఇరుసుపై భారం తక్కువ. ఆరుగురు ఎక్కిన తరువాత వెనుక టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి ఉద్యోగులను దింపి ఖాళీగా తిరిగి వస్తున్న క్యాబు, నిండు క్యాబుకన్న సులభంగా జారుతుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసి వేగం పెంచే డ్రైవర్లు ఈ సంగతి గుర్తుంచుకొనవలసి ఉన్నది.

కొత్త టైర్లు ముందుకా, వెనుకకా

ఒకేసారి నాలుగు టైర్లు మార్చే స్తోమత అందరికీ ఉండదు. రెండే కొన్నపుడు వాటిని ఎక్కడ వేయాలన్నది పంక్చర్ షాపుల వద్ద తరచు వినిపించే వాదన. ముందు టైరు పేలితే బండి పల్టీ కొడుతుందని, కాబట్టి కొత్తవి ముందుకే వేయాలని చాలామంది డ్రైవర్ల నమ్మకం. టైర్ల తయారీదారులు ఇందుకు విరుద్ధంగా చెబుతారు. ఎక్కువ లోతు గల టైర్లు ఎప్పుడూ వెనుకకే ఉండాలి. ముందు టైర్లు ముందుగా జారితే బండి దారిలోనే ఉండి నెమ్మదిస్తుంది. వెనుకవి ముందుగా జారితే బండి తిరిగిపోతుంది. ఈ సూత్రం ముందు చక్రాల చోదక కార్లకు కూడా వర్తిస్తుంది, వెనుక చక్రాల చోదక కార్లకు మరింత బలంగా వర్తిస్తుంది.

ఈ నమ్మకం లారీల నుండి వచ్చి ఉండవచ్చును. లారీలలో ముందు చక్రాలకు కొత్త టైర్లు, వెనుక చక్రాలకు రీట్రేడ్ చేసినవి, అనగా వాడుకలో రీబటన్ టైర్లు, వేయడం ఆనవాయితీ. లారీ వెనుక ఇరుసుకు రెండేసి చొప్పున నాలుగు చక్రాలు ఉంటాయి, ఒకటి పాడైనా పక్కది భారాన్ని మోస్తుంది. కారుకు ఆ సదుపాయం లేదు. లారీకి సరిపడిన పద్ధతిని ఇన్నోవాకు తగిలించడం లెక్కకు నిలవదు.

క్యాబు యజమానుల ఇబ్బంది కూడా చెప్పుకోవలసినదే. చాలా క్యాబులకు యజమాని, డ్రైవరు ఒక్కరే. టైర్ల ఖర్చు ఆయన జేబు నుండే పోతుంది. కనుక ఇంకొక నెల, ఇంకొక నెల అని బటన్ పూర్తిగా అరిగేవరకు నడపడం కేవలం నిర్లక్ష్యం అనలేము. అయితే ఆ బండిలో కూర్చునే ఆరుగురికి ఈ లెక్క తెలియదు. సంస్థల రవాణా విభాగాలు క్యాబు పత్రాలను పరిశీలించినట్లే వానకాలానికి ముందు టైర్ల లోతును కూడా కొలిస్తే మేలు. అందుకు కావలసిన పరికరం అగ్గిపెట్టె అంత ఉంటుంది.

వెనుక ఇరుసుకు రెండు వైపులా ఒకే కొలత, ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదల గల టైర్లు ఉండాలి. ఒక పక్క కొత్తది, మరొక పక్క పాతది ఉంటే వాటి చుట్టుకొలతలు వేరై డిఫరెన్షియల్ పళ్ళు ఎడతెగకుండా పనిచేయవలసి వస్తుంది. అదీగాక సాధారణ డిఫరెన్షియల్, చక్రాలలో ఒకటి జారినపుడు రెండవదానికి కూడా అంతకు మించి బలం ఇవ్వదు. బురదలో ఒక చక్రం గిరగిర తిరుగుతూ రెండవది కదలకుండా ఉండడం ఇందువల్లనే.

నీటిపై తేలడం

గంటకు 80 కి.మీ. వేగంతో, 3 మి.మీ. లోతు నీటిలో పోతున్న 20 సెం.మీ. వెడల్పు టైరు సెకనుకు సుమారు 13 లీటర్ల నీటిని పక్కకు నెట్టవలసి ఉంటుంది. అంటే సెకనుకొక బిందెడు నీరు. టైరుపై ఉన్న గాళ్ళు ఈ నీటికి కాలువలుగా పనిచేస్తాయి. కాలువలు పూడిపోతే, అనగా బటన్ అరిగిపోతే, నీరు టైరు కిందనే చిక్కుకొని టైరును రోడ్డుపై నుండి లేపివేస్తుంది. దీనిని హైడ్రోప్లేనింగ్ అంటారు. ఆ సమయంలో స్టీరింగు తేలికై చేతిలో ఉత్తినే తిరుగుతుంది, బ్రేకు పనిచేయదు.

ఈ విషయంపై 1960వ దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హార్న్ విమాన టైర్లపై పరిశోధనలు చేశారు. నీటి లోతు గాళ్ళ సామర్థ్యాన్ని మించినపుడు టైరు తేలే వేగం ప్రధానంగా టైరులోని గాలి ఒత్తిడిపై ఆధారపడుతుందని, ఆ ఒత్తిడి వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం 36 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరు గంటకు 100 కి.మీ. వద్ద తేలుతుంది. గాలి 25 పీఎస్‌ఐకి తగ్గితే 83 కి.మీ. వద్దనే తేలుతుంది. కారు టైర్లకు ఈ అంకెలు స్థూలమైనవే. అయినను నగరం చుట్టూ 158 కి.మీ. పొడవున ఉన్న ఔటర్ రింగ్ రోడ్డుపై 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కి.మీ.కు పెంచిన సంగతితో కలిపి చూస్తే వీటి అర్థం బోధపడుతుంది. ఆ పరిమితి పొడి రోడ్డుకు ఉద్దేశించినదే గాని వానకు కాదు. రోడ్డుపై నీటిపొర కనిపిస్తే 80 కి.మీ. కూడా ఎక్కువే.

వెడల్పు టైర్లు అందంగా ఉంటాయని కంపెనీ ఇచ్చినవి తీసివేసి పెద్దవి వేయించుకునే అలవాటు యువ ఉద్యోగులలో ఉన్నది. పొడి రోడ్డుపై వీటి వలన కొంత లాభం ఉండవచ్చు. నీటిలో మాత్రం వెడల్పు పెరిగిన కొద్దీ తొలగించవలసిన నీరు పెరిగి టైరు త్వరగా తేలుతుంది. మంచులో సైతం సన్నని టైరే మంచును కోసుకొని కిందికి దిగుతుంది.

ఇక శిల్పారామం ఎదుట, ఐకియా కూడలిలో, బయోడైవర్సిటీ కూడలిలో పెద్ద వానకు నిలిచే నీటి విషయానికి వస్తే, అక్కడ ఏ టైరూ సహాయపడదు. సుమారు 30 సెం.మీ. లోతు నీరు చాలా చిన్నకార్లను తేల్చగలదు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో 24 సెం.మీ. వాన కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో కార్లు కొట్టుకొనిపోయిన దృశ్యాలు అందరికీ గుర్తే. 2023 జూలైలో భారీ వర్షాల సమయంలో సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులు అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా దశలవారీగా ఇళ్ళకు బయలుదేరాలని సంస్థలను కోరారు. అటువంటి రోజున కార్యాలయంలోనే మరొక గంట కూర్చోవడం మంచిది.

టైరుపై రాతలు

పాత ఇన్నోవా కొలతను ఉదాహరణగా తీసుకుందాము. టైరు పక్క గోడపై 205/65 ఆర్ 15 అని, దాని తరువాత 94 హెచ్ వంటి గుర్తు ఉన్నదనుకుందాము. 205 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అనగా పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ రేడియల్‌కు గుర్తు. 15 డిస్కు వ్యాసం అంగుళాలలో. 94 ఒక్కొక్క టైరు 670 కిలోల భారం మోయగలదని తెలిపే సంకేతం. హెచ్ గరిష్ఠ వేగం గంటకు 210 కి.మీ. అని తెలుపుతుంది. కొత్త టైరు కొన్నపుడు భార సంకేతం, వేగ సంకేతం కంపెనీ సూచించినదానికన్న తగ్గరాదు. ఏడుగురు ఎక్కే బండికి తక్కువ భార సంకేతం గల చౌక టైరు వేయడం ప్రమాదకరం.

తయారీ తేదీ నాలుగు అంకెలలో ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్ళ తరబడి దుకాణంలో నిల్వ ఉన్న టైరు బటన్ చెక్కుచెదరకున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. తగ్గింపు ధర అనగానే ముందు ఈ అంకెలు చూడాలి. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. టైర్ల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2009లో జారీ అయినది. 2022లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తడి రోడ్డుపై పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం అనే మూడు లక్షణాలకు ప్రమాణాలను ప్రకటించింది.

కొన్ని టైర్లపై అమెరికా పద్ధతి గుర్తులు కూడా ఉంటాయి. ఇందులో అరుగుదల సంఖ్య ఎక్కువైతే టైరు ఎక్కువ కాలం మన్నుతుంది. పట్టు గుర్తు ఏఏ, ఏ, బి, సి అని ఉంటుంది, ఇది తడి రోడ్డుపై తిన్నగా బ్రేకు వేసి పరీక్షించినది. ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చే గట్టి రబ్బరు సాధారణంగా తడిలో తక్కువ పట్టునిస్తుంది. రబ్బరులో సిలికా కలపడం ద్వారా ఈ రెండింటినీ కొంతవరకు సమన్వయించగలిగారు. వెనుక చక్రాల చోదక కారుకు అరుగుదల సంఖ్యకన్న పట్టు గుర్తుకే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పవచ్చును.

అరుగుదల, గాలి

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం కారు టైరు బటన్ లోతు 1.6 మి.మీ.కు తగ్గరాదు. కొత్త టైరులో ఇది సుమారు 8 మి.మీ. ఉంటుంది. గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. వాటి స్థానాన్ని తెలుపుతూ టైరు అంచున త్రిభుజం గాని, టీడబ్ల్యూఐ అనే అక్షరాలు గాని ముద్రిస్తారు. బటన్ ఆ గట్లతో సమానమైతే టైరు ఆయువు తీరినట్లే. 1.6 మి.మీ. చట్టం విధించిన హద్దు మాత్రమే, 3 మి.మీ. కన్న తగ్గినప్పటి నుండే తడి రోడ్డుపై పట్టు వేగంగా పడిపోతుంది. జూన్ మొదటి వారంలో 3 మి.మీ. ఉన్న వెనుక టైరు ఆ వానకాలానికి చాలదు.

వెనుక చక్రాల చోదక కార్లలో వెనుక టైర్లు నెట్టే పని వలన, ముందు టైర్ల అంచులు మలుపుల వలన అరుగుతాయి. గాలి ఎక్కువైతే నడిమి భాగం, తక్కువైతే రెండు అంచులు అరుగుతాయి. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్లు. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవరు తలుపు వద్ద అంటించిన పట్టికలో ఉంటుంది. నిండు బండికి, ఖాళీ బండికి వేర్వేరు అంకెలు ఇస్తే వెనుక చక్రాలకు తేడా ఎక్కువగా ఉంటుంది. గాలిని టైర్లు చల్లగా ఉన్నపుడు చూడాలి. వానలో పట్టు కోసం గాలి తగ్గించాలన్న సలహా తప్పు, పైన చెప్పిన లెక్క ప్రకారం తగ్గించిన టైరే ముందుగా నీటిపై తేలుతుంది. గాలి తగ్గించడం ఇసుకలో పనికివచ్చే ఉపాయం. స్టెప్నీకి కూడా గాలి కొట్టించడం మరువరాదు.

మంచు దేశాలకు వెళ్ళేవారికి

మాదాపూర్ కార్యాలయం నుండి షికాగోకో, డెట్రాయిట్‌కో, టొరంటోకో బదిలీపై వెళ్ళి, మొదటి చలికాలంలోనే పాత కారు కొనుక్కునే తెలుగువారు చాలామంది ఉన్నారు. కొన్నది వెనుక చక్రాల చోదక కారు అయితే ఈ కింది విషయాలు తెలిసి ఉండాలి.

మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్న కిందికి దిగితే గట్టిపడుతుంది. చలికాలపు టైర్ల రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది, వాటి బటన్లపై ఉండే సన్నని చీలికలు మంచును పట్టుకుంటాయి. టైరుపై ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు కేవలం బటన్ ఆకృతిని సూచిస్తాయి, పరీక్షకు నిలిచినదని కాదు. మూడు శిఖరాల పర్వతం, దాని లోపల మంచు రేకు గల బొమ్మ ఉంటేనే అది మంచుపై పరీక్షించిన టైరు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుండి చలికాలంలో ఇటువంటి టైర్లు తప్పనిసరి.

వెనుక చక్రాలే నెడతాయి గనుక వాటికి మాత్రమే మంచు టైర్లు వేస్తే చాలునని కొందరు పొదుపు చేయబోతారు. అప్పుడు కారు కదులుతుంది, మలుపు తిరగదు, సమయానికి ఆగదు. ఎందుకనగా ఆగేటపుడు భారం ముందు చక్రాలపైకి ఒరిగి బ్రేకు పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది. కాబట్టి నాలుగు చక్రాలకూ వేయవలసిందే. గొలుసులు ఒక్క జత మాత్రమే ఉంటే అవి నెట్టే చక్రాలకు, అనగా వెనుకకు కట్టాలి. డిక్కీలో ఇసుక బస్తాలు పెట్టి వెనుక ఇరుసుపై భారం పెంచడం పాతకాలపు ఉపాయం. అది కదలడానికి సహాయపడుతుంది, కాని బస్తాలు దొర్లకుండా బిగించి కట్టాలి.

మన దేశంలో కూడా చలికాలంలో మనాలి, అటల్ సొరంగం వైపు వెళ్ళే పర్యాటకులు ఇదే సమస్యను ఎదుర్కొంటారు. హైదరాబాదు నుండి విమానంలో వెళ్ళి అక్కడ కారు అద్దెకు తీసుకునేవారు, అది ఏ చక్రాల చోదకమో, గొలుసులు ఉన్నాయో లేవో ముందే అడగాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగినా అక్కడ రోడ్డుపై ఉండేది పొగమంచు, తెల్లని నూగుమంచు మాత్రమే. అక్కడికి మంచు టైర్లు అవసరం లేదు. హైదరాబాదుకు అసలే వద్దు, మెత్తని ఆ రబ్బరు మన ఎండల్లో త్వరగా అరిగిపోతుంది, వేడి రోడ్డుపై బ్రేకు దూరాన్ని కూడా పెంచుతుంది. విదేశం నుండి తిరిగివచ్చేవారు అక్కడి చలికాలపు టైర్లను సామానుతోపాటు పంపించుకోవలసిన పని లేదు.